పని లేని ప్రయాణికులు

ఆ సోమవారం పొద్దున ఉమాకాంతం వంట తొందరగా ముగించి, స్టవ్ గట్టు తుడిచి, ఒక పెద్ద చేతిసంచిలోకి పాత దిండును కుక్కుతోంది. పాఠాలు చెప్పడానికి బడికి బయలుదేరుతున్న కోడలు లహరి గుమ్మంలో ఆగి చూసింది.

"దిండెక్కడికి అత్తయ్యా?"

"నందిగామకి."

"నందిగామలో ఎవరు పడుకుంటారు?"

"ఎవరూ పడుకోరు. చూసేవాళ్ళకి సామాను కనపడాలి. నువ్వు బడికెళ్ళమ్మా, ఈ గొడవలు నీకెందుకు."

గొడవ ఎవరి కోసమో లహరికి తెలుసు. ఆమె భర్త జయదేవ్ చాలా ఏళ్ళు హైదరాబాదులో కారు నడిపి, పెళ్ళయ్యాక సొంత ఊరు జగ్గయ్యపేట వచ్చి, ఏడు సీట్ల బండి కొన్నాడు. పేట నుంచి నందిగామకు షేర్ టాక్సీ నడుపుకుందామని ఆశ. అయితే స్టాండులో పన్నెండు బండ్లకు మించి ఉండకూడదని పట్టణ కౌన్సిల్ తీర్మానం చేసింది. పన్నెండూ ఉన్నాయి. పదమూడో బండికి పర్మిట్ రావాలంటే, బండి దొరక్క పదిహేను నిమిషాలకు మించి నిలబడే ప్రయాణికులు ఉన్నారని తేలాలి. వాళ్ళను లెక్కపెట్టడానికి ఆ రోజే మున్సిపాలిటీ ఉద్యోగి వస్తున్నాడు. లెక్క తేలకపోతే జయదేవ్ తిరిగి హైదరాబాదు వెళ్ళి, నలుగురితో ఒక గదిలో సర్దుకుని, నెలకోసారి ఇంటికి రావాలి. లహరికి ఐదో నెల.

బయట బండి కడుగుతున్న జయదేవ్ సంచిని చూసి గతుక్కుమన్నాడు.

"అమ్మా, నువ్వేం చెయ్యొద్దు. అయినా లెక్క ఒక్క పేటలోనే కాదు..."

"నువ్వు మాట్లాడకు. నువ్వు మాట్లాడబట్టే ఇన్నాళ్ళు పట్టింది," అని ఉమాకాంతం చెప్పులు వేసుకుంది.

ఆమె పథకం చాలా సులువైనది. పేట స్టాండులో ఏడుగురూ నిండితే తప్ప బండి కదలదు. ఈలోపు ఎక్కినవాళ్ళు దిగి టీ తాగుతారు, ఫోను మాట్లాడతారు, డ్రైవరును నాలుగు మాటలని మళ్ళీ ఎక్కుతారు. అరగంట ఇట్టే గడిచిపోతుంది. అందుకని వీధిలో ఆరుగురు ఆడవాళ్ళను తీసుకెళ్ళి స్టాండులో నిలబెట్టి, లెక్క పడగానే ఇంటికి తీసుకొచ్చేయాలి. పక్కింటి వెంకాయమ్మ, ఎదురింటి కరీమాబీ, ఇంకో ముగ్గురు, తాను. ఎవరూ డబ్బులూ కార్డులూ తేనక్కర్లేదని చెప్పింది. పది అడుగుల దూరానికి అవన్నీ ఎందుకు?

"నేనెందుకు వెళ్తున్నట్టు?" అంది వెంకాయమ్మ.

"నువ్వు మీ మరదలి ఇంటికి."

"దానికీ నాకూ మాటల్లేవుగా!"

"ఆ మున్సిపాలిటీ అబ్బాయికి అదంతా తెలుస్తుందా? పద."

వెంకాయమ్మ కంగారులో అలవాటు ప్రకారం తలుపుకు తాళం వేసి, తాళంచెవి కొంగున ముడి వేసుకుంది. లోపల ఆవిడ భర్త స్నానం చేస్తున్నాడన్న సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

స్టాండుకు ప్రెసిడెంటు సుభాని. ఆడవాళ్ళకు బస్సు ఉచితమయ్యాక ఉన్న పన్నెండు బండ్లకే జనం చాలడం లేదని అతను కౌన్సిలుకు అర్జీ పెట్టాడు. అది కొంతవరకు నిజమే. ఆ రోజు మాత్రం అతను డ్రైవర్లను కూడగట్టి ఒక్కటే మాట చెప్పాడు: ఎవరూ నిలబడకూడదు, ఇద్దరు ఎక్కినా సరే బండి తీసేయాలి.

ఈ ఏర్పాటు ఉమాకాంతానికి తెలియదు. ఆడవాళ్ళను దూరదూరంగా నిలబెట్టి, తాను టీ కొట్టు దగ్గర నిలబడి చూస్తోంది. అట్ట పట్టుకున్న ఉద్యోగి కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. సుభాని చూపు ముందుగా కరీమాబీ మీద పడింది. ఆవిడ అతనికి పిన్ని.

"ఖాలా, నువ్వెక్కడికి?"

"నందిగామ. నాకు పనుండకూడదా?"

"ఎందుకుండదు? బస్సు ఫ్రీ కదా అని అడిగా."

"బస్సులో నిలబడలేను నాయనా, మోకాళ్ళు."

సుభానికి మొత్తం అర్థమైంది. తన పిన్ని ఏనాడూ మోకాళ్ళ మాట ఎత్తిన మనిషి కాదు. అతను నవ్వి, దగ్గరున్న బండి తలుపు తీశాడు. "అయ్యో, అయితే నిలబెడతామా? రా, ముందు సీట్లో కూర్చో. ఇంకో అమ్మ కూడా ఎక్కండి. రైట్ రైట్!"

"నిండనీ బాబూ, మాకేం తొందర లేదు," అంది కరీమాబీ.

"మీకు లేకపోయినా మాకుంది ఖాలా."

ఉద్యోగి చూస్తుండగా కాదనడానికి లేదు. మొదటి బండి ఇద్దరితో వెళ్ళిపోయింది. రెండోది వెంకాయమ్మనూ ఇంకొకావిడనూ ఎక్కించుకుని కదిలింది. వెంకాయమ్మ కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి "ఉమాకాంతం!" అని అరిచింది. అది వీడ్కోలు అనుకుని ఉద్యోగి కూడా చెయ్యి ఊపాడు.

ఉమాకాంతం ఆపబోతూ రోడ్డు మీదికి వచ్చింది. ఉద్యోగి అట్ట మీంచి తలెత్తి, "మీరెక్కడికండి?" అని మర్యాదగా అడిగాడు.

దిండు సంచి ఆమె చేతిలోనే ఉంది. "నందిగామ," అనక తప్పలేదు. సుభాని మూడో బండి తలుపు తీసి, మిగిలిన ఒకావిడతో పాటు ఆమెనూ ఎక్కించాడు.

చిల్లకల్లు దగ్గర బండి హైవే ఎక్కుతుండగా ఆమె డ్రైవరు భుజం తట్టింది. "బాబూ, ఇక్కడ ఆపు. మాకు పని గుర్తొచ్చింది, వెనక్కి పోతాం."

"కుదరదండి. మధ్యలో దించితే ట్రిప్పు లెక్కలోకి రాదని మా ప్రెసిడెంటు గట్టిగా చెప్పాడు. నందిగామలోనే దించుతా."

"మనుషుల్ని ఇట్టా ఎత్తుకుపోతారా?"

"మీరే ఎక్కారు కదండి," అన్నాడు అతను, అన్యాయంగా మాట పడ్డవాడిలా.

నందిగామలో ఆరుగురూ ఒకచోట చేరారు. ఉమాకాంతం బొడ్డులోని చిన్న పర్సు అందరి ఛార్జీతోనే ఖాళీ అయిపోయింది. పేట బండ్లు మూడూ ఆగకుండా ఖాళీగా వెనక్కి పరుగెత్తాయి. వీళ్ళను మళ్ళీ ఎక్కించుకుంటే మళ్ళీ అక్కడ నిలబడతారని సుభాని ఫోన్లో హెచ్చరించాడట. ఇక నందిగామ స్టాండు బండ్లు చూద్దామంటే, పెళ్ళిళ్ళ రోజులు కావడంతో దాదాపు అన్నీ కంచికచర్ల వైపు వెళ్ళిపోయాయి. మిగిలిన ఒకటీ అరా ఎప్పుడు వస్తాయో చెప్పేవాళ్ళు లేరు. బస్సు ఉచితమే గాని ఆధార్ కార్డు చూపించాలి. ఎవరి దగ్గరా లేదు.

"ఏం తేనక్కర్లేదన్నావుగా," అంది కరీమాబీ.

"అన్నా. పది అడుగులకి అన్నా," అంది ఉమాకాంతం. "ముప్ఫై కిలోమీటర్లకి అనలా."

అప్పుడే వెంకాయమ్మ చెయ్యి కొంగు ముడి మీద పడి ఆగిపోయింది. "అయ్యో! ఆయన్ని లోపల పెట్టి తాళం వేసొచ్చా!"

ఈలోగా పేటలో వెంకాయమ్మ భర్త తువ్వాలుతో కిటికీ దగ్గర నిలబడి వీధి మొత్తాన్ని పిలుస్తున్నాడు. ఆయనను ఎవరో దొంగలు బంధించారని మొదట అన్నారు. కాదు, వెంకాయమ్మే కోపం వచ్చి పుట్టింటికి వెళ్ళిపోయిందని తర్వాత తేల్చారు. అది నమ్మదగ్గ మాటే కావడంతో, పొద్దున ఏమన్నానా అని ఆయన కూడా గుర్తు చేసుకోసాగాడు. జయదేవ్ నిచ్చెన కోసం చూస్తుండగా కరీమాబీ ఫోను చేసింది.

"జయదేవూ, నందిగామ స్టాండులో ఉన్నాం నాయనా. మీ అమ్మ ఫోను మీ వంటింట్లో ఛార్జింగులో ఉందంట. తాళంచెవి వెంకాయమ్మ దగ్గరుంది. బండేసుకుని రా."

జయదేవ్ తల పట్టుకున్నాడు. పర్మిట్ లేని బండిలో స్టాండు నుంచి మనుషుల్ని ఎక్కిస్తూ దొరికితే అర్జీ అక్కడికక్కడే కొట్టేస్తారు. అందులోనూ ఇవాళ. కిటికీలోంచి పెద్దాయన, "నా చొక్కాలు కూడా దండెం మీద ఉన్నాయి బాబూ, బయట," అన్నాడు. జయదేవ్ బండి తాళాలు తీసుకుని బయలుదేరాడు.

నందిగామలో అప్పటికే ఇంకో అమ్మాయి అట్ట పట్టుకుని ఆడవాళ్ళ దగ్గరికి వచ్చింది. పేరు ఉషశ్రీ అని చెప్పింది. ఉమాకాంతం మిగిలిన వాళ్ళను వెనక్కి లాగింది.

"ఇది సుభాని పంపిన మనిషే. మనం దొంగ ప్రయాణికులమని పట్టుకోడానికొచ్చింది. ఎవరూ అబద్ధం చెప్పకండి."

ఆ రోజు మొత్తంలో ఆవిడ ఇచ్చిన మంచి సలహా అదే.

"నందిగామకి ఏం పని మీద వచ్చారండి?" అని అడిగింది ఉషశ్రీ.

"ఏం పని లేదమ్మా," అంది వెంకాయమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "మా ఇంటికి మేం పోవాలి. అంతే."

"ఎంతసేపటి నుంచి ఉన్నారు?"

"కాళ్ళు పడిపోయినంతసేపటి నుంచి," అంది కరీమాబీ. ఈసారి మోకాళ్ళు నిజంగానే లాగుతున్నాయి.

"సంచిలో సామానేంటి?"

ఉమాకాంతం ఒక్క క్షణం ఆలోచించి, నిజమే చెప్పాలనుకుంది. "దిండు."

ఉషశ్రీ ఆమెను జాలిగా చూసింది. "బండ్లు దొరకవని దిండు కూడా తెచ్చుకుంటున్నారా!"

అంతలో జయదేవ్ బండి వచ్చి కాస్త దూరంగా ఆగింది. మామూలుగా నడవమని చెప్పాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. ఆరుగురూ ఒక్క ఉదుటున పరుగెత్తి ఎక్కారు. ఉషశ్రీ వెనకే వచ్చి కిటికీ దగ్గర వంగింది.

"ఈ బండికి స్టాండు పర్మిట్ ఉందా?"

"లేదండి. ఇంట్లో మనుషుల్ని తీసుకెళ్తున్నా."

"ఈవిడ?"

"మా అమ్మ."

"ఈవిడ?"

"అత్త."

"వెనకాల ముగ్గురు?"

"వాళ్ళూ అత్తలే."

"ఈవిడ పేరు కరీమాబీ అన్నారు. ఈవిడ?"

"పిన్ని," అన్నాడు జయదేవ్ చెమట తుడుచుకుంటూ.

"వాడు పుట్టినప్పుడు మొదట ఎత్తుకుంది నేనే," అంది కరీమాబీ. "పిన్నిని కాకపోతే ఏమవుతా?"

ఉషశ్రీ నవ్వలేదు. బండి నంబరు రాసుకుని పక్కకు జరిగింది. ఆ రాసుకోవడం చూసి, ఇక అర్జీ పోయినట్టే అనుకుంటూ జయదేవ్ బండి తీశాడు. వెనక సీట్లో ఉమాకాంతం దిండును సంచిలో ఇంకా అడుక్కి కుక్కింది.

తాళం తీయగానే వెంకాయమ్మ భర్త భార్యను చూసి, "వచ్చావా?" అని మాత్రం అన్నాడు. సాయంత్రానికి స్టాండు నుంచి కబురు వచ్చింది. పేటలో ఒక్క ప్రయాణికుడు కూడా ఐదు నిమిషాలకు మించి నిలబడలేదు. పదమూడో బండి అవసరం లేదు. జయదేవ్ రాత్రి అన్నం సగంలో లేచి, హైదరాబాదు స్నేహితుడికి ఫోను చేసి గదిలో చోటుందా అని అడిగాడు. ఉమాకాంతం వంటింట్లోంచి బయటికి రాలేదు. కొడుకును తన చేతులతో తానే పంపించేసినట్టు ఆమెకు అనిపించింది.

గురువారం లహరి బడి నుంచి రాగానే, అర్జీలో తన నంబరే ఇవ్వడంతో, ఆమెకు ఫోను వచ్చింది. ఆమె విని, రెండుసార్లు "నిజమేనాండి?" అని అడిగి, అరుగు మీద కూర్చుండిపోయింది.

"ఏమైందమ్మా? ఏమన్నారు?" అని ఉమాకాంతం పరుగెత్తుకొచ్చింది.

"నందిగామ మున్సిపాలిటీ నుంచి అత్తయ్యా. సోమవారం అక్కడ కూడా లెక్కపెట్టారంట. ఆరుగురు ఆడవాళ్ళు ఏ పనీ లేకపోయినా బండి దొరక్క గంటన్నర నిలబడ్డారంట. చివరికి ఇంట్లో వాళ్ళు వచ్చి తీసుకెళ్ళాల్సి వచ్చిందంట. అందుకని అక్కడి స్టాండులో ఒక బండి పెంచుతున్నారు. ఆయన రెండు చోట్లా అర్జీ పెట్టారుగా. రేపొచ్చి కాయితాలు తీసుకోమన్నారు."

జయదేవ్ సర్దుకున్న బట్టలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టాడు. ఒక చొక్కా మడత పెట్టడం రాక చేతిలోనే పట్టుకుని చాలాసేపు నవ్వుతూ నిలబడ్డాడు. ఉమాకాంతం కళ్ళు ఒత్తుకుని, కాఫీ కలపడానికి వెళ్ళి, పంచదార బదులు రవ్వ వేసింది. ఎవరూ పట్టించుకోలేదు.

చీకటి పడుతుండగా సుభాని స్వీట్ల పొట్లంతో వచ్చాడు. జయదేవ్ నందిగామ స్టాండుకు వెళ్ళిపోతున్నాడని అతనికీ గుండెల మీంచి బరువు దిగింది. "మనలో మనకేముంది తమ్ముడూ," అని జయదేవ్ భుజం మీద చెయ్యి వేశాడు. కరీమాబీ వచ్చి అతని చెవి మెలిపెట్టి, ఆ చేత్తోనే ఒక స్వీటు తీసుకుంది.

మర్నాడు పేపరు జిల్లా పేజీలో ఒక మూల చిన్న వార్త పడింది, రెండు పట్టణాల్లోనూ ప్రయాణికుల సర్వే ఎలాంటి ప్రలోభాలకూ తావు లేకుండా ప్రశాంతంగా ముగిసిందని.