లైన్‌మన్ గారి జేబులో కరెంటు

ఈ దేశానికి ఇక కరెంటు అక్కర్లేదు! స్తంభాలు పీకి పందిళ్ళకి వాడుకోవచ్చు. తీగలు బట్టలారేసుకోవడానికి ఇచ్చేయవచ్చు. కోపం తెచ్చుకోకండి, బాగా ఆలోచించే చెబుతున్నాం. రెండువేల తొమ్మిదో సంవత్సరం వచ్చాక కూడా ఇంకా స్తంభాల వంక చూస్తూ కూర్చునేవాళ్ళని చూస్తే మాకు జాలేస్తుంది.

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదైన డబ్బా ఒకటి ఈమధ్య రాజమండ్రి మెయిన్ రోడ్డు షాపుల్లోకి వచ్చింది. దాన్ని జేబు చార్జరంటారు. కరెంటు ఉన్నప్పుడు ప్లగ్గులో పెడితే, జాడీలో ఊరగాయలా ఆ కరెంటుని నిలవ చేసుకుంటుంది. సెల్‌ఫోన్ నీరసించిపోయినప్పుడు పిన్ను గుచ్చితే చాలు, మళ్ళీ ప్రాణం పోస్తుంది.

అది లేని రోజుల్లో మన బతుకులెలా ఉండేవి? పెళ్ళికి వెళ్తే పెళ్ళికూతుర్ని చూడ్డం మానేసి, ప్లగ్గు ఎక్కడుందా అని గోడలు చూసేవాళ్ళం. నరసాపురం రేవులో పంటు ఎక్కిన పెద్దమనిషి, అవతలి ఒడ్డుకి చేరేలోగా ఫోన్ ఆగిపోతుందేమోనన్న బెంగతో గోదావరి వంక కూడా చూసేవాడు కాదు. కొవ్వూరులో ఒకాయన పరామర్శకని వెళ్ళి, ఏడుస్తున్నవాళ్ళ మధ్య కూర్చుని, సన్నపిన్ను చార్జరు ఉందాండీ అని అడిగాడు. మన జిల్లాల మర్యాద తెలిసిందే కదా! ఏడుపు ఆపి, బీరువాలన్నీ వెతికి తెచ్చి ఇచ్చారు. తీరా పెడితే ఆ ఇంట్లో కరెంటు లేదు.

ఇంత గొప్ప వస్తువు విలువని అందరికన్నా ముందు గుర్తించినవారు బుల్లిరాజు గారు. మండపేట అవతల ఒక ఊళ్ళో వారికి దాళ్వా, అంటే రెండో పంట, వేసిన చేను ఉంది. ఊరి పేరు మాత్రం చెప్పం. చెబితే కరెంటు ఇస్తామంటే ఇప్పుడే చెబుతాం.

కాలువ చిట్టచివరి చేను కావడంతో దానికి బోరు నీళ్ళే ఆధారం. వరి పాలు పోసుకుంటోంది. ఆ దశలో తడి తప్పితే గింజ గట్టిపడదు, కంకి నిండా తాలే మిగులుతుంది. సరిగ్గా అప్పుడే, చేల మధ్యనున్న స్తంభం మీద తీగని తీగకి కలిపే జంపరు తెగి మోటారు ఆగిపోయింది.

జంపరు కట్టడం చిన్న పనే. కానీ పైనుంచి సరఫరా ఆపించి లైన్‌మనే ఎక్కాలి. ఆ పద్ధతి పాటించకుండా సొంతంగా ఎక్కేసినవాళ్ళ ఫొటోలు ఆ ఊళ్ళో కొన్ని ఇళ్ళల్లో దండలు వేసుకుని ఉన్నాయి. అందుకని బుల్లిరాజు గారు బుద్ధిగా లైన్‌మన్ సత్యప్రసాద్ గారికి ఫోన్ చేశారు. స్విచ్ ఆఫ్. మధ్యాహ్నం చేశారు, స్విచ్ ఆఫ్. సాయంత్రమూ అంతే. మర్నాడు టీ కొట్టు దగ్గర మనిషి కనబడితే సంగతి చెప్పుకున్నారు. సత్యప్రసాద్ గారు ఎంతో నొచ్చుకున్నారు.

"ఏం చేయమంటారండీ, మా వీధిలో కరెంటు ఉంటే కదా ఫోనుకి చార్జింగు పెట్టుకునేది" అన్నారు.

చూశారా! కరెంటు ఆఫీసు మనిషి ఇంట్లోనే కరెంటు లేదు. ఇంత నిష్పక్షపాతంగా పనిచేసే ఆఫీసు ఇంకెక్కడైనా ఉందా? మన ఇంట్లో దీపం ఆరిందని ఏడ్చుకుంటాం గానీ, ఆర్పినవారి ఇంట్లోనూ ఆరిందని తెలిస్తే ఎంత తృప్తిగా ఉంటుంది?

పక్క చేను సత్తిరాజు గారికి మాత్రం ఈ తృప్తి కలగలేదు. మోటు మనిషి. ఫోన్ స్విచ్ ఆఫ్ అని వినగానే ట్రాక్టరు వేసుకుని మండపేట వెళ్ళి, డీజిలింజను అద్దెకి తెచ్చి చేనుకి నీళ్ళు తోడేసుకున్నారు. బుల్లిరాజు గారు అలాంటివారు కారు. మర్యాదస్తులు.

మన వైపు మర్యాద గురించి ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మీరు రావడం లేదండీ అని మొహం మీద అనడం మనకి చేతకాదు. ఎదుటివారు ఏ సాకు చెబితే ఆ సాకుకి వైద్యం చేస్తాం. తలనొప్పంటే కాఫీ ఇస్తాం. బండి లేదంటే మన బండి తాళం ఇస్తాం. చార్జింగు లేదన్నారు కాబట్టి బుల్లిరాజు గారు బస్సెక్కి రాజమండ్రి వెళ్ళి జేబు చార్జరు కొన్నారు. చేతిలో ఊరికే పెడితే లంచమనుకుంటారేమోనని సన్మానం ఏర్పాటు చేశారు.

పంచాయతీ ఆఫీసు అరుగు మీద కుర్చీలు వేశారు. శాలువా కప్పారు, బంతిపూల దండ వేశారు, తాపేశ్వరం కాజాలు పంచారు. మైకు తెప్పించారు గానీ కరెంటు లేక నోటితోనే పొగిడారు. సత్యప్రసాద్ గారి సేవలు మరువలేనివని వక్తలన్నారు. ఏ సేవలో గుర్తు రాక కొంచెం తడుముకున్నారు, అంతే. చివర్లో బుల్లిరాజు గారు అందరూ చూస్తుండగా చార్జరు బహూకరించారు. ఊరంతా చూశాక ఇక చార్జింగు లేదనడం కుదరదు కదా, అదీ ఆయన ఎత్తు!

ఆయన భార్య రామలక్ష్మి గారికి ఈ ఎత్తు నచ్చలేదు. సన్మానం నుంచి వచ్చిన శాలువా కవరు మడతపెడుతూ, "ఫోను ఎత్తడం వేరు, స్తంభం ఎక్కడం వేరండి" అన్నారు. కొత్త వస్తువుల సంగతి ఆడవాళ్ళకేం తెలుసని బుల్లిరాజు గారు నవ్వేశారు.

మర్నాడు ఫోన్ చేశారు. మోగింది! మొదటి రింగుకే ఎత్తారు! బుల్లిరాజు గారికి ఒళ్ళు పులకరించింది. రేపు పొద్దున్నే వచ్చేస్తానని సత్యప్రసాద్ గారు మాటిచ్చారు. మర్నాడు మళ్ళీ చేస్తే నిచ్చెన వేరే ఊళ్ళో ఉందన్నారు. ఆ పైన సబ్‌స్టేషన్‌లో మనిషి లేడన్నారు. ఆ తర్వాత బావమరిది గృహప్రవేశం వచ్చింది. ఏది వచ్చినా ఫోన్ మాత్రం ఎత్తకుండా లేరు. భోజనాలయ్యాయా అని అడిగేవారు. చేను ఎలా ఉందని కూడా అడిగేవారు! ఎండుతోందండి అంటే, అయ్యో అనేవారు. వినియోగదారుడికి ఇంతకన్నా మెరుగైన సేవ ఏ దేశంలో దొరుకుతుంది?

ఒక సాయంత్రం సత్తిరాజు గారు గట్టు మీదికొచ్చి నిలబడ్డారు. "ఇంజను రేపు తిరిగిచ్చేయాలండి. ఈలోగా మీ చేనుకీ ఒక తడి పెట్టేయమంటారా?" అని అడిగారు.

"మీకెందుకండీ శ్రమ. ఇప్పుడే మాట్లాడాను. రేపు తప్పకుండా వస్తానన్నారు" అన్నారు బుల్లిరాజు గారు.

ఆ రాత్రి ఈ మాట రామలక్ష్మి గారి చెవిన పడింది. మర్నాడు తానే చేలోకి వెళ్ళి కంకి గిల్లి చూశారు. పాలు చిక్కబడ్డం లేదు. కాళ్ళ కింద నేల నెర్రెలిచ్చింది. ఇంటికొచ్చి ఆ సంగతి బుల్లిరాజు గారికి చెప్పారు. ఆయన వెంటనే ఫోన్ తీశారు. అప్పటికి సత్తిరాజు గారి ఇంజను వెళ్ళిపోయింది. మండపేటలో ఉన్న ఇంజన్లన్నీ వేరేవాళ్ళు పట్టుకుపోయారు. ఇక ఆ ఫోనే దిక్కు.

"బుల్లిరాజు గారూ, మీ చార్జరు పుణ్యమా అని నా ఫోన్ అసలు ఆగటం లేదండి. ఊళ్ళన్నీ నాకే చేస్తున్నాయి. అందరికీ సమాధానం చెప్పుకునేసరికే పొద్దుపోతోంది. స్తంభం ఎక్కే తీరిక ఎక్కడుందండీ?" అన్నారు సత్యప్రసాద్ గారు. మాటలో కోపం లేదు. అలసట మాత్రం ఉంది.

చివరికి ఒక ఉదయం వచ్చారు. మాట తప్పే మనిషి కాదు, రేపంటే ఏదో ఒక రేపు వస్తారు! ఫోన్లోనే సరఫరా ఆపించారు, స్తంభం ఎక్కారు, జంపరు కట్టారు, దిగారు. రామలక్ష్మి గారు ఇంటి నుంచి కాఫీ తెచ్చేలోగా పని అయిపోయింది. మోటారు గుడగుడమని నీళ్ళు కక్కింది. ఆ నీళ్ళు నెర్రెల్లోకి దిగిపోతుంటే బుల్లిరాజు గారు ఒక కంకి తెంపారు. అరచేతిలో నలిపి ఊదారు. చేతిలో ఏమీ మిగల్లేదు.

సత్యప్రసాద్ గారు గట్టు మీద కూర్చుని, జేబులోంచి డబ్బా తీసి ఫోనుకి పిన్ను గుచ్చుకుంటున్నారు.

"అది ఇలా ఇచ్చేయండి" అన్నారు బుల్లిరాజు గారు.

సత్యప్రసాద్ గారికి అర్థం కాలేదు. "సన్మానంలో ఇచ్చిందండి ఇది" అన్నారు.

"మీ ఫోను ఆగిపోయి ఉన్నప్పుడు మీ మీద నాకు ఆశ లేదండి. ఇంకో రోజు అలాగే ఉండుంటే నేనూ ఇంజను తెచ్చుకునేవాణ్ణి. మీరు ఎత్తారు, రేపన్నారు. ఎత్తిన ప్రతిసారీ నమ్మాను. ఇచ్చేయండి."

రామలక్ష్మి గారు కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడ్డారు, ఇవ్వలేదు. సత్యప్రసాద్ గారు పిన్ను పీకి, డబ్బా గట్టు మీద పెట్టి లేచారు.

ఆ చేనుని పశువుల మేత కింద కోసేశారు. సత్యప్రసాద్ గారు మాత్రం చాలా బాధపడుతున్నారట. శాలువా కప్పి ఇచ్చినదాన్ని వెనక్కి లాక్కున్న మనిషిని గోదావరి జిల్లాల్లో ఇంతవరకు చూడలేదని, ఆ ఊరివాళ్ళకి మర్యాద తెలియదని కనబడ్డవాళ్ళందరికీ చెబుతున్నారట.

నిజమే. బుల్లిరాజు గారు మర్యాద తప్పారు, మేము కాదనం. పాలు పోసుకునే రోజుల్లోనే తప్పి ఉంటే నాలుగు గింజలు దక్కేవి.