సగం చుట్టుకో మాట

జూన్ తొమ్మిది, మంగళవారం. ఆ తేదీ పార్కుల అధికారికి ఇప్పటికీ గుర్తే. ఆ పొద్దున ఆయన తిన్నది కాల్చిన రొట్టెముక్కలూ, ఒక అరటిపండూ. రొట్టె ఒకవైపు మాడింది. మాడిన వైపు కిందికి పెట్టుకుంటే కనీసం కళ్ళకైనా కనిపించదని, భార్య పోయాక ఒంటి వంట మొదలుపెట్టిన కొత్తలోనే ఆయన కనిపెట్టాడు.

ఆ రోజు చేయాల్సిన పని కూడా పెద్దదేం కాదు. పార్కు నడకదారిలో బాణం గుర్తున్న బోర్డుని ఇటు నుంచి అటు తిప్పాలి. అంతే.

ఆ దారి కొలను చుట్టూ కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. గేటు దాటగానే ఏటవాలు, దాని చివర కొలను గట్టున మలుపు. ఎవరు మొదలుపెట్టారో గానీ జనమంతా ఒకే దిక్కున తిరిగేవాళ్ళు. ఊపు మీద దిగి, మలుపులో గులకరాళ్ళ మీద జారేవాళ్ళు. ఈమధ్యే ఇద్దరు పడ్డారు. మునిసిపల్ కమిషనరమ్మ ఆయన్ని పిలిచి తేల్చి చెప్పింది.

“ఇంకొక్కళ్ళు పడ్డారంటే దారి మూసేసి ఆ జాగా బళ్ళకిచ్చేస్తానండీ. బళ్ళు పెట్టుకోడానికి జాగా లేదని జనం నా ప్రాణం తోడేస్తున్నారు. శనివారం సాయంత్రం నేనే వచ్చి చూస్తా.”

ఆ దారి పోతే అధికారికి కూతురు కనిపించే చోటు పోతుంది. ఏడాది కిందట వియ్యంకుడితో మాటామాటా పెరిగి, “మీ ఇంటి గడప తొక్కితే ఒట్టు” అని వచ్చేశాడు. కూతురు అచ్చంగా తండ్రి పోలిక. “నువ్వు మా గడప తొక్కేదాకా నేనూ మీ గడప తొక్కను నాన్నా” అంది. అప్పట్నుంచీ రోజూ పొద్దున్నే పార్కుకొచ్చి తండ్రితో ఒక చుట్టు నడిచి వెళ్తుంది. రోజు మొత్తంలో ఆయన ఎవరితోనైనా ఆఫీసు గొడవ కాక వేరే మాట మాట్లాడేది ఆ ఒక్క చుట్టులోనే.

అందుకే రాత్రంతా ఆలోచించి ఉపాయం కనిపెట్టాడు. అందరూ ఎదురు దిక్కున తిరిగితే ఆ ఏటవాలు ఎక్కుడు అవుతుంది. రొప్పుతూ ఎక్కేవాడు జారిపడడు. అవతలి వైపు దిగుడు ఎలాగూ మెత్తనిదే.

తోటమాలి బోర్డు తిప్పుతూ అడిగాడు. “మాస్టారికి చెప్పారా సార్?”

“ఎందుకు చెప్పాలి? పార్కు నాదా, ఆయనదా?”

“పార్కు మీదే సార్. నడిచేవాళ్ళు ఆయన మనుషులు.”

నిజమే. లెక్కల మాస్టారు నడక సంఘానికి అధ్యక్షుడు. ఆ పైన, వచ్చిన చిక్కేమిటంటే, అధికారిగారి వియ్యంకుడు కూడా ఆయనే. ఇద్దరిదీ ఒకే నడక. ఇన్నాళ్ళూ ఒకే దిక్కున, చెరో సగం దూరంలో తిరగడం వల్ల ఒకరి మొహం ఒకరు చూడాల్సిన పని లేకుండా రోజులు వెళ్ళిపోయాయి.

మాస్టారు వచ్చి బోర్డు ముందు నిలబడి, కళ్ళజోడు తీసి తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. “ఇన్నేళ్ళు ఇటే తిరిగాను. నన్నెవరయ్యా అటు తిప్పేది? నేను ఇటే తిరుగుతా. మనవాళ్ళంతా నాతో రండి” అని కదిలాడు. సగం మంది ఆయన వెంట నడిచారు. మిగతా సగం మంది అధ్యక్ష పదవికి పోయినేడు ఓడిపోయినవాళ్ళూ, వాళ్ళ మనుషులూ. వాళ్ళు వెంటనే బాణం వైపు నడిచారు.

కూతురు వచ్చి రెండు గుంపులనీ చూసింది. వెళ్ళి బెంచీ మీద కూర్చుంది.

“రామ్మా, నడుద్దాం” అన్నాడు తండ్రి.

“ఎటు? నీతో వస్తే మామయ్యగారికి కోపం. ఆయనతో వెళ్తే నీకు కోపం. బెంచీకి ఎవరి మీదా కోపం లేదు.”

“ఒక్క చుట్టేనమ్మా!”

“ముందు మీ ఇద్దరూ ఒక దిక్కుకి రండి నాన్నా, అప్పుడొస్తా.”

ఏ చుట్టు పోకూడదని ఇన్ని పాట్లు పడ్డాడో ఆ చుట్టే మొదటి రోజునే పోయింది. అధికారి పళ్ళు బిగించాడు. శనివారం లోగా అందరినీ తన దిక్కుకి తిప్పి తీరాలి. ఆయనా బాణం వైపు గుంపు ముందు నడక మొదలుపెట్టాడు.

ఎదురెదురుగా తిరిగేవాళ్ళు ప్రతి చుట్టులో రెండుసార్లు ఎదురుపడతారన్న లెక్క మాస్టారికి తెలియంది కాదు. మొదటిసారి కొలను గట్టున ఎదురుపడ్డారు. మాస్టారు ఆగలేదు గానీ ఊరుకోనూ లేదు.

“బావగారూ! చంపానని నలుగురిలో అన్నారే, మీరు కళ్ళారా చూశారా?”

అధికారి జవాబు వెతుక్కునే లోపల మాస్టారు దాటిపోయాడు. సగం చుట్టు తిరిగి గేటు దగ్గర ఎదురుపడేసరికి జవాబు సిద్ధంగా ఉంది.

“చూసేదేముంది బావగారూ! మీ చేతికిచ్చాక ఎన్నాళ్ళు బతికింది గనక!”

గొడవ అంతా ఒక నిమ్మమొక్క గురించి. కూతురి పెళ్ళయ్యాక అధికారి వియ్యంకుడికి కానుకగా ఇచ్చాడు. అది చచ్చిపోయింది. “మొక్కని బతికించలేనివాడి ఇంటికి పిల్లనిచ్చాను” అని ఆయన అనడం, మాస్టారు వినడం జరిగిపోయాయి. అప్పుడు మొదలెట్టి సగంలో వదిలేసిన దెబ్బలాట ఇప్పుడు వాయిదాల పద్ధతిలో ముందుకి సాగింది. కొలను గట్టున మాస్టారి మాట, గేటు దగ్గర అధికారి మాట. కోపం ఎంత పెరిగినా ‘బావగారూ’ మాత్రం ఇద్దరూ వదల్లేదు.

రెండో రోజుకి తగువు సాయంత్రాలకీ పాకింది, నడిచే జనం పెరిగారు. మూడో రోజుకి నడవని జనం పెరిగారు. కొందరు గట్టున స్థిరపడ్డారు, కొందరు గేటు దగ్గర కుర్చీలు వేసుకున్నారు. గట్టు మీదివాళ్ళకి మాస్టారి ముక్కలే వినిపించేవి.

“ప్రాణంలా చూసుకున్నానండీ! మా ఆవిణ్ణి అడగండి!”

“నా మీద హత్యానేరం మోపుతారా బావగారూ!”

గేటు దగ్గరివాళ్ళకి అధికారి ముక్కలు.

“నీళ్ళలో ముంచేశారు బావగారూ! ఊపిరాడక పోయింది!”

“నా దగ్గరున్నన్నాళ్ళూ నవనవలాడుతూ ఉండేది!”

రెండు చోట్లా ఉండి రెండూ కలిపి విన్నవాడు ఒక్కడూ లేడు. గేటువాళ్ళు గట్టువాళ్ళని కలుసుకుని, ఉన్నది ఉన్నట్టు చెప్పుకుని, లేనిది తలా కాస్తా కలిపేసరికి శుక్రవారం సాయంత్రానికి కథ ఒక కొలిక్కి వచ్చింది. పార్కు కొలనులో ఎవరో ఆడమనిషిని ముంచి చంపేశారు. సంగతి అధికారికి తెలుసు. అయినా దారి మూతపడకూడదని దాచిపెడుతున్నాడు. ఎవరో ఒక పెద్దాయన వెదురుకర్ర తెచ్చి కొలనులో గాలించాడు కూడా. చెప్పు ఒకటి దొరికింది. అది ఆయనదే, గాలించేటప్పుడు జారింది. ఆ మాట చెప్పినా ఎవరూ ఒప్పుకోలేదు.

శనివారం సాయంత్రం కమిషనరమ్మ వచ్చింది. వెంట ఇన్‌స్పెక్టరు. గేటు దగ్గర అడుగు పెట్టే చోటు లేదు.

తోటమాలి పరిగెత్తుకొచ్చి అధికారిని అందుకున్నాడు. “సార్, మేడం వచ్చారు! పోలీసులతో వచ్చారు!”

“రానీ. నేను ఆగితే ఈ పక్క జనమంతా ఆగిపోతారు. ఆయన నెగ్గినట్టవుతుంది” అని అధికారి నడక పెంచాడు.

ఆ సాయంత్రం గట్టున మాస్టారు అన్న మాట కాస్త గట్టిదే. “ముష్టి నిమ్మమొక్క బావగారూ! బజారుకెళ్తే బుట్టెడు దొరుకుతాయి. దానికోసం ఏడాదిపాటు పిల్లని ఏడిపించారు!”

గేటు దగ్గర మాస్టారు ఎదురైనప్పుడు అధికారి గొంతు పెద్దదేం కాలేదు. కుర్చీల్లోవాళ్ళు చెవులు రిక్కించాల్సి వచ్చింది.

“బజారుది కాదు బావగారూ. మా ఆవిడ, మీ చెల్లెలు, గింజ నాటి పెంచింది. పోయేముందు మీకిమ్మంది.”

అనేసి, అలవాటు ప్రకారం ముందుకి వెళ్ళిపోయాడు.

మాస్టారు నాలుగడుగులు వేసి ఆగాడు. ఈ మాటకి జవాబు చెప్పాలంటే మళ్ళీ సగం చుట్టు నడవాలి. అంతసేపు ఆగడం ఆయన వల్ల కాలేదు.

“ఆగండి! బావగారూ, ఆగండి! అలా అనేసి వెళ్ళిపోతే ఎలా?” అంటూ గిర్రున వెనక్కి తిరిగి ఆయన వెనక పరుగందుకున్నాడు. అధ్యక్షుడు తిరిగితే సంఘం తిరగాలి గదా. కారణం ఎవరికీ తెలియదు గానీ ఆ పక్క జనమంతా ఒకళ్ళ వెనక ఒకళ్ళు తిరిగారు. కుర్చీల్లోవాళ్ళు మిగతా మాటలు ఎక్కడ పోతాయోనని లేచి వెంటపడ్డారు. బెంచీ మీద కూర్చున్న కూతురు చెప్పులు వేసుకుని తనూ కదిలింది.

ఇద్దరు వియ్యంకులూ చుట్టు తిరిగొచ్చి, పక్కపక్కన ఏటవాలు ఎక్కుతూ కమిషనరమ్మ ముందు నుంచి వెళ్ళారు.

“ఆ ముక్క అప్పుడే చెప్పొచ్చుగా!”

“చెప్తే ఏం చేసేవారు?”

“నీళ్ళు తక్కువ పోసేవాణ్ణి! ఏదీ, ఎన్ని పోయాలో మీరు చెప్పారా?”

“మీరు అడిగారా?”

“అడగడానికి మీరు ఇంటికొచ్చారా?”

ఇన్‌స్పెక్టరు వెనకొస్తున్న కూతుర్ని ఆపాడు. “ఏమ్మా, ఇక్కడ ఎవరో పోయారట. ఎవరు?”

“నిమ్మమొక్కండీ. పోయినేడు” అంది కూతురు.

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి తల తుడుచుకున్నాడు. కమిషనరమ్మ దారి వైపు చూసింది. ఇంత జనం, ఒకే దిక్కున, రొప్పుతూ ఎక్కుతున్నారు. పడేంత వేగం ఒక్కరికీ లేదు.

“బళ్ళ సంగతి ఇంకెక్కడైనా చూద్దాం. దారి ఉండనీయండి” అని చెప్పింది. వినాల్సిన అధికారి అప్పటికే మరో చుట్టులో పడ్డాడు. మేడం మాట తోటమాలి మోసుకెళ్ళాడు గానీ, “తర్వాత చెప్పవయ్యా, పనిలో ఉన్నా” అని ఆయన చెయ్యి ఊపేశాడు.

చీకటి పడింది. జనం పలచబడ్డారు. వియ్యంకులిద్దరూ మాట తెగక గేటు దాటారు. వీధి దాటారు. మాస్టారి ఇంటి మెట్ల దగ్గర తగువు బాగా ముదిరింది. అధికారి చేతులు తిప్పుతూ, మాట ఆపకుండానే మెట్లెక్కాడు. చెప్పులు విడిచాడు, లోపలికెళ్ళి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎవరి గడప తొక్కాడో ఆయన చూసుకోలేదు. కూతురి అత్తగారు వంటింట్లోంచి తొంగిచూసి, నోటి మీద చెయ్యి పెట్టుకుని, మరో కంచం తీసింది.

భోజనాలయ్యాక కూడా వాళ్ళు ‘మీరు అడిగారా’ దగ్గరే ఉన్నారు. కూతురు గదిలో ఒక పరుపు ఎక్కువ పరిచి, వీధివైపు వచ్చింది. ఇద్దరూ తనని చూడటం లేదని చూసుకుని, ఎందుకైనా మంచిదని నాన్న చెప్పులు లోపలికి తెచ్చి, చప్పుడు కాకుండా తలుపు వేసింది.