వంటింటి కిటికీలో వీసా ఆఫీసరు

వీసా ఇంటర్వ్యూ పిల్లల్ని ఏడిపించడానికే పెట్టారని చాలామంది అపోహపడుతున్నారు. నేను ఏడో తరగతితో ఆగినదాన్ని, నా మాట ఎవరు వింటారో తెలియదు. అయినా చెప్పక తప్పదు. విదేశం వెళ్లేవాళ్లున్నా లేకపోయినా, ప్రతి ఇంట్లో ఏటా ఒక వీసా ఇంటర్వ్యూ జరిగి తీరాలి!

మా ఇల్లే చూడండి. మా అమ్మాయి నస్రత్ ఇంజినీరింగ్ అయ్యాక అమెరికాలో సీటు తెచ్చుకుంది. బుధవారం హైదరాబాదులో ఇంటర్వ్యూ. మొన్నటిదాకా ఆ పిల్ల ఇంట్లో నోరు విప్పేది చార్జర్ కనపడనప్పుడే. ఇప్పుడో? ఒకరోజు వాళ్ల నాన్న ఎదురుగా కూర్చుని, "నాన్నా, నువ్వసలు ఏం చేస్తావు?" అని అడిగింది.

ఆయన కంగారుపడ్డాడు. "అదేంటమ్మా, మిరప వేస్తా గదా."

"ఎంత పొలంలో? ఎక్కడ అమ్ముతావు?"

కడుపున పుట్టిన పిల్ల తన సేద్యం గురించి అడగడం ఆయనకదే మొదలు. మురిసిపోయి మిరపకు పట్టే తామర పురుగు దగ్గర్నుంచి ఎత్తుకున్నాడు. "అంత వద్దు నాన్నా, ఒక్క వాక్యం చాలు" అంది పిల్ల. ఆ ఒక్క వాక్యపు భాగ్యమైనా ఇన్నేళ్ల చదువులో ఎప్పుడన్నా దక్కిందా?

నాకూ ఉద్యోగం దొరికింది. గుంటూరు కన్సల్టెన్సీలో ప్రసన్నకుమార్ సారు ఇంటి దగ్గర రోజూ ప్రాక్టీసు చేయమన్నారు. ఆఫీసరు అద్దం వెనకాల ఉంటాడట. మాకు అద్దం లేదు, వంటింటి కిటికీ ఉంది. ఊచల లోపల ఆఫీసరుగా నేను, వరండాలో పిల్ల. పోపు వేస్తూనే వీసాలు తిరగ్గొట్టాను. గొంతు లేవలేదు, రిజెక్ట్. నవ్వింది, రిజెక్ట్. నవ్వలేదు, అదీ రిజెక్టే.

"అమ్మా, నీకన్నా అసలు ఆఫీసరే నయం."

"ఆ రోజు ఆయనకి పంటినొప్పి ఉంటేనో? అన్నిటికీ సిద్ధంగా ఉండాల."

భయాలకు నా దగ్గర కొదవ లేదు. వేలిముద్ర పడదేమోనని పక్కవీధి పెళ్లిలో గోరింటాకు పెట్టుకోనివ్వలేదు. కాయలు ఆరబోసిన కల్లం వైపు పోనివ్వలేదు. ఆ ఘాటు ముక్కులో ఉండిపోయి, సరిగ్గా ఆయన ముందు తుమ్మితే?

మా ఆయన పాఠం వేరు. "మిర్చి యార్డులో కొనేవాడు పైకాయ చూడడమ్మా. బస్తా అడుగుదాకా చెయ్యి దూరుస్తాడు, రంగుపోయిన తాలుకాయ ఉందేమోనని. ఆఫీసరూ అంతే."

"అంటే నేను బస్తానా నాన్నా?"

"మేలురకం బస్తావే."

ఇన్ని ప్రశ్నల్లోకీ గొప్పది ఒకటుంది. చదువయ్యాక ఏం చేస్తావు? ఇక్కడ తడబడితే వీసా లేదట. అందుకే సారు దీనికి మంచి జవాబు నేర్పారు. చదువు కాగానే ఇండియా వచ్చేస్తాను, నా ఉద్యోగం ఇక్కడే, మా అమ్మానాన్నల్ని చూసుకోవాలి. ప్రశ్న నేను ఇంగ్లీషులో బట్టీపట్టి అడుగుతాను, జవాబు నస్రత్ ఇంగ్లీషులోనే గడగడా చెబుతుంది. రెప్ప వేయదు. నాకు సగమే అర్థమవుతుంది గానీ, 'పేరెంట్స్' అన్న మాట వచ్చేసరికి పోపు మాడిపోతుంది. చెప్పండి, ఏ తల్లికి పిల్లలు పొద్దునా సాయంత్రం ఇంత మాట అంటున్నారు? ఈ ఇంటర్వ్యూ పెట్టినవాళ్లు చల్లగా ఉండాలి.

నిన్న మాత్రం ఆ ఇంగ్లీషు ప్రశ్న నోటికి రాలేదు. తెలుగులోనే అడిగాను. "చదువయ్యాక వచ్చేస్తావా అమ్మా?"

పిల్ల చున్నీ కొస మెలితిప్పుతూ నిలబడింది. పొయ్యి మీద అన్నం పొంగి ఒలికింది. చివరికి మెల్లగా, "అమ్మా, ఇంగ్లీషులో అడగవా?" అంది.

కాబట్టి ఆఫీసరుగారూ, మా అమ్మాయికి వీసా ఇచ్చేయండి, చాలా కష్టపడింది. కానీ ఆ ఒక్క ప్రశ్న మాత్రం వదలకండి. ఒకటికి రెండుసార్లు అడగండి. మీకైతే వచ్చేస్తానని చెబుతుంది.