బ్యానర్ మీద పొద్దుతిరుగుడు పూలు

ఓరెస్ట్‌కి వెనకగది దక్కాలంటే ఫొటోలు రావాలి. పావ్లీనాకి ఆ గది దక్కాలంటే ఫొటోలు రాకూడదు. మనవలు పుట్టిన వయసులో మొగుడూ పెళ్ళాం వేసుకున్న పందెం అది.

గది చిన్నదే. ఒక్కటే కిటికీ. అందులోంచి చూస్తే రైలు కట్ట పక్కన, ధాన్యం నిలవచేసే ఊరి పాత ఎలివేటరు, ఆకాశాన్ని ఆనుకున్న చెక్క బీరువాలాగా కనిపిస్తుంది. గదిలో ఓరెస్ట్ కంప్యూటర్ ఉంది. అది తీస్తే తన బొంతలు కుట్టే చట్రం పెట్టుకోవాలని పావ్లీనా చూపు.

కెనడాలోని ఆ సస్కాచెవాన్ రాష్ట్రమంతటా ఉన్న పాత కట్టడాలను జనం చేత ఫొటోలు తీయించి, ఎవరైనా ఊరికే వాడుకునేలా ఇంటర్నెట్లో పెట్టే పోటీ ఒకటుంది. నడిపేవాళ్ళకి జీతం లేదు. గెలిచినవాళ్ళకి ఒక కాఫీ కప్పు. ఈ ఏడు దానికోసం, జనం రోజూ చూసే ఇంటర్నెట్ పేజీల పైన ప్రకటన బ్యానర్లు వేసే పని ఓరెస్ట్ నెత్తిన పడింది. పడిందని అతనంటాడు. చెయ్యెత్తి అడుక్కున్నాడని రెజైనా నగరంలో ఉండి పోటీ నడిపే థెల్మా అంటుంది.

"పోయినేటి కంటే ఒక్క ఫొటో ఎక్కువొచ్చినా గది నాదే," అన్నాడు ఓరెస్ట్.

"ఒక్కటి తక్కువైనా నాదే. కంప్యూటర్ నేలమాళిగలో, పుల్లక్యాబేజీ జాడీల పక్కన," అంది పావ్లీనా.

బ్యానర్‌కి మంచి బొమ్మ కావాలి. ఓరెస్ట్ తీసిన ఫొటోల్లో ఎలివేటరు నిటారుగా నిలబడ్డది ఒక్కటే ఉంది. మిగతా వాటిలో అది తాగినట్టు ఒరిగింది. చిక్కేమిటంటే, ఆ ఒక్కదాంట్లో ఎలివేటరు ముందు పావ్లీనా కూడా ఉంది. వంగి బీట్‌రూట్లు పీకుతోంది. మొహం నేల వైపు, మిగతాదంతా కెమెరా వైపు. ఆ మిగతాదాని మీద పళ్ళేలంత పొద్దుతిరుగుడు పూలున్న స్కర్టు.

అడిగితే ఒప్పుకోదు. కాబట్టి అడగలేదు.

బ్యానర్ ఏ ఊళ్ళో కనిపించాలో, ఏ ఊళ్ళో కనిపించకూడదో ఎంచుకునే వీలుంది. ఓరెస్ట్ రాష్ట్రమంతా ఎంచుకున్నాడు. తమ ఊరి పేరు మాత్రం కొట్టేశాడు. పావ్లీనా కంటపడదు, ఊళ్ళో ఎవరూ మోసుకురారు. తన తెలివికి తనే మురిసిపోయి రెండు ప్లేట్ల పెరోగీ కుడుములు తిన్నాడు.

ఆ ఊళ్ళో తానూ ఉంటున్నానన్న సంగతి మాత్రం అతనికి తట్టలేదు.

పొద్దున్నే కంప్యూటర్ తెరిచాడు. బ్యానర్ లేదు. మూసి తెరిచాడు. లేదు. కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. తుడిచాక లేకపోవడం ఇంకా స్పష్టంగా కనిపించింది.

"రోజుకొకసారి చూపిస్తే ఎవడు చూస్తాడు," అనుకుని పేజీ తెరిచినప్పుడల్లా వచ్చేలా మార్చాడు. అయినా రాలేదు. సన్నగా ఉందేమోనని వెడల్పు చేశాడు. ఎంత వెడల్పు చేసినా అతని తెర ఖాళీగానే ఉంది.

మధ్యాహ్నం సస్కటూన్ నుంచి పావ్లీనా చెల్లెలు డార్యా ఫోన్ చేసింది. పావ్లీనా కాసేపు విన్నది. తర్వాత ఫోన్ పట్టుకుని పెరట్లోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి.

"ఏమైంది? ఎవరైనా పోయారా?"

"ఎవరూ పోలేదు. అందరూ బాగా కనిపిస్తున్నారట."

ఓరెస్ట్‌కి అర్థం కాలేదు. ఆ వారంలో అర్థం కానివాటిలో అది మొదటిది.

మర్నాడు పావ్లీనా పెట్టె అడుగు నుంచి ఆ పొద్దుతిరుగుడు స్కర్టే తీసి వేసుకుని పక్క ఊరి బజారుకి బయల్దేరింది. సాయంత్రం తిరిగొచ్చి సంచులు దించింది.

"విచిత్రమయ్యా ఓరెస్టూ. ఎదురుగా వస్తే ఒక్కరూ పలకరించలేదు. దాటిపోయాక వెనక నుంచి పిలిచి మరీ పలకరించారు."

"ఎందుకట?"

"నాకేం తెలుసు. నా వెనక ఏముందో నాకు కనపడదుగా."

ఓరెస్ట్ కొరకబోయిన రొట్టె మళ్ళీ పళ్ళెంలో పెట్టేశాడు. కానీ బ్యానర్ అసలు రావడమే లేదు కదా, ఎలా చూస్తారు? వెళ్ళి మళ్ళీ చూసుకున్నాడు. లేదు. మనసు కుదుటపడింది. కుదుటపడగానే గది పోతుందన్న దిగులు పట్టుకుంది. ఏది సంతోషించాలో ఏది ఏడవాలో తెలియక తేనె అనుకుని టీలో ఆవాల ముద్ద కలుపుకున్నాడు.

"నీ ట్యాబ్లెట్ తెర మీద ఏమైనా కనిపిస్తోందా?" అని అడిగాడు, నోరు కడుక్కొచ్చి.

"ఏం కనిపించాలి?"

"ఏం లేదు."

"అయితే ఏం లేదు," అంది, కుట్టు సూది నోట్లో పెట్టుకుని.

ఇక తెగించాడు. బ్యానర్‌ని పేజీ అంత చేశాడు. చుట్టూ ఎర్ర అంచు పెట్టి మిణుకు మిణుకుమనిపించాడు. ఆ దెబ్బతో రాష్ట్రంలో వాతావరణం చూద్దామన్నా, ఆవులకి మందు పేరు వెతుకుదామన్నా, ముందు పావ్లీనాని దాటుకుని వెళ్ళాల్సి వచ్చింది.

ఓరెస్ట్ తెర మీద మాత్రం ఈగ కూడా లేదు.

ఫొటోలు వరదలా వచ్చిపడ్డాయి. బ్యానర్ లేకుండా ఇవెలా వస్తున్నాయని ఒక్కొక్కటే తెరిచాడు. ఎలివేటరు, ముందు వంగిన ముసలమ్మ. చర్చి, ముందు వంగిన పెద్దాయన. పాత రైలు స్టేషన్, దాని ముందు వరసగా వంగిన కుటుంబం, చివర్లో కుక్క ఒక్కటే ఇటు తిరిగి ఉంది. పోటీ అంటే ఇదేనని జనం అనుకున్నారు.

థెల్మా ఫోన్ చేసింది. పావ్లీనా తీసి, ఇద్దరికీ వినపడేలా బల్ల మీద పెట్టింది.

"ఓరెస్ట్, ఏమిటయ్యా ఇది?"

"నేనే అడుగుదామనుకుంటున్నా. బ్యానర్ అసలు రావడం లేదు థెల్మా."

"రావడం లేదా? మా ఆయన నిన్న రాత్రి కలలో కూడా చూశాడు. రానిది ఒక్క మీ ఊళ్ళోనే. ఎవరో పనిగట్టుకుని కొట్టేశారు."

పావ్లీనా మొగుడి వైపు చూసింది. మొగుడు ఉప్పుడబ్బా వైపు చూశాడు.

"సరే, పోయినేటిని ఎప్పుడో దాటేశాం," అంది థెల్మా. "కానీ బ్యానర్ మీద మనిషి ఉంటే ఆ మనిషి ఒప్పుకోవాలి. లేకపోతే బ్యానర్ తీసి, దాన్ని చూసి పంపినవన్నీ పక్కన పెట్టాలి. ఆ స్కర్టావిడ ఒప్పుకుందా?"

"ఆవిడ ఆలోచిస్తోంది," అంది పావ్లీనా.

ఓరెస్ట్ గొంతు తగ్గించాడు. "పావ్లీనా, జనం పాపం కష్టపడి వంగారు."

"ఆ కిటికీ పక్కన వెలుతురు బాగుంటుంది కదూ, కుట్టుకోడానికి?"

"పందెం నేను గెలిచాను కదే."

"గెలిచావు. కాదనను. నేను ఒప్పుకోకపోతే ఓడిపోతావు. ఒప్పుకుంటే గెలిచి, గది నాకిస్తావు. నీకేది నయమో చూసుకో."

ఓరెస్ట్ రెండు వైపులా తిప్పి చూశాడు. ఎటు తిప్పినా కంప్యూటర్ మెట్లు దిగుతూనే ఉంది.

"ఒప్పుకుంది థెల్మా," అన్నాడు.

మరుసటి ఏడు బ్యానర్ల పని పావ్లీనాకి ఇమ్మని జనమే అడిగారు. ఆమె కాదనలేదు. పోటీ మొదలైన పొద్దున ఓరెస్ట్ నేలమాళిగలో కూర్చుని కంప్యూటర్ తెరిచాడు.

వచ్చింది. తెరంతా వచ్చింది. వెనక ఉల్లిగడ్డ గోపురాల చర్చి. ముందు గడ్డిలో పడిపోయిన కళ్ళజోడు కోసం నాలుగు కాళ్ళ మీద వెతుకుతున్న మనిషి. అతని ప్యాంటు నడుముతో స్నేహం చెడి చాలా దూరం వచ్చేసింది.

"నన్నడగాలి కదే," అని పైకి అరిచాడు.

"అడిగాను. నిన్న పెరోగీలు తింటూ, నీ ఇష్టం అన్నావు."

"మన ఊళ్ళో కూడా వస్తోందా?"

"ఏ ఊరినీ వదల్లేదు. నీలాగా సొంతూరిని మర్చిపోయే మనిషిని కాదు."

బ్యానర్ మూసేద్దామని తెర మూల ఉండే కొట్టివేత గుర్తు కోసం వెతికాడు. నాలుగు మూలలూ వెతికాడు. పావ్లీనా ఆ గుర్తు పెట్టలేదు.

పైన వెనకగదిలో కుట్టు ఆగింది.

"ఓరెస్టూ, కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది," అన్నాడు, ప్యాంటు పైకి లాక్కుంటూ.