మొంజీకి బీపీ వచ్చిన రోజు

ఆ ఉదయం మొంజీ తలపెట్టిన పని చాలా చిన్నది. ట్యూనిస్ శివార్లలో బెన్ అరూస్‌లోని గోదాము గేటు దగ్గరికి వెళ్ళడం, తోటివాళ్ళతో కలిసి నినాదాలు ఇవ్వడం, పొద్దువాలేసరికి ఇంటికొచ్చి ఉపవాసం విడవడం. సమ్మె మొదలైనప్పటి నుంచీ చేస్తున్నది అదే. ఈద్ దగ్గరపడింది. ట్యూనిస్ నగరమంతా ఆర్డరు పెట్టిన బట్టలూ బొమ్మలూ బూట్లూ లోపల కొండలా పేరుకుపోయాయి. వాటిని కదిలించాల్సిన మనుషులు బయట ఎండలో కూర్చున్నారు. వాళ్ళు అడిగింది ఒక్కటే. సాయంత్రం అజాన్ వినబడగానే పార్సిళ్ళు మోసుకొచ్చే బెల్టు ఆపాలి, కూర్చుని నాలుగు మెతుకులు తిననివ్వాలి. ఇన్నేళ్ళూ ఒక చేతిలో ఖర్జూరం, ఇంకో చేతిలో పార్సిల్‌తోనే ఉపవాసం విడిచారు.

మొంజీ చెప్పుల్లో కాలు పెట్టబోతుంటే భార్య దలీలా గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏవయ్యా, పిల్ల బట్టలేవీ?"

"ఏ బట్టలు?"

"షీరజ్‌కి పండక్కి గౌను, బూట్లు ఫోన్లో ఆర్డరు పెట్టా. బయల్దేరడానికి సిద్ధంగా ఉందని మెసేజ్ వచ్చింది. ఇప్పటికీ సిద్ధంగానే ఉంది."

"ఎవళ్ళ దగ్గర పెట్టావు?"

దలీలా చెప్పింది. మొంజీ గోడకి చేరగిలబడ్డాడు.

"మా గోదాములోనా! ఊళ్ళో ఇంకే కొట్టూ దొరకలేదా నీకు?"

"మా ఆయన పనిచేసే చోటు కదా, తొందరగా వస్తుందనుకున్నా."

"మేం సమ్మెలో ఉన్నామే! పార్సిళ్ళు కదలవు."

"మీరు కదలకండి. నా పార్సిల్ కదిలితే చాలు. పండగ పూట మా అక్క పిల్లల మధ్య మన పిల్ల పాత గౌనుతో నిలబడిందంటే, నేనూ సమ్మె మొదలుపెడతా. వంటింట్లో."

మొంజీ దారి పొడుగునా ఆలోచించాడు. గేటు దగ్గర యూనియన్ నాయకుడు ఖమీస్‌ను పక్కకు పిలిచి, "అన్నా, నా బీపీ మాత్రలు లోపల అలమరలో ఉండిపోయాయి. చిటికెలో తెచ్చుకుంటా" అన్నాడు.

"నీకు బీపీనా? ఎప్పట్నుంచిరా?"

"ఇవాళ పొద్దున్నించీ," అని నోరు జారాడు మొంజీ. "అంటే, ఇవాళ పొద్దున్నించీ ఎక్కువైంది."

ఖమీస్ కళ్ళు చెమర్చాయి. వెంటనే జనం వైపు తిరిగి, "చూశారా! ఒంట్లో బాగాలేకపోయినా మొంజీ మనతో ఎండలో కూర్చున్నాడు!" అని అరిచాడు. చప్పట్లు మోగాయి. ఆ చప్పట్ల మధ్య మొంజీ దొంగలా లోపలికి నడిచాడు.

పార్సిల్ దొరకడం కష్టం కాలేదు. ఆ వరస పేర్చింది అతనే. తీసి పనికోటు లోపల దోపుకుని వెనుదిరిగాడు. ఎదురుగా మేనేజరు రిధా. ఆయన టై విప్పేసి, చేతులకు టేపు అతికించుకుని, పొద్దుటి నుంచీ ఒకే పెట్టెతో కుస్తీ పడుతున్నాడు.

"మొంజీ! వచ్చేశావా నాయనా!" అంటూ వచ్చి కౌగిలించుకున్నాడు. "ఏంటయ్యా, పొట్ట ఇంత గట్టిగా ఉంది?"

"ఉపవాసం కదండీ. గ్యాసు."

రిధా అప్పటికే ఫోన్లో యజమానికి చెబుతున్నాడు. "అయ్యా, సమ్మె విరిగింది! ఫోర్క్‌లిఫ్ట్ నడిపే మొంజీ వచ్చేశాడు. అతనొచ్చాడంటే మిగతావాళ్ళూ వచ్చినట్టే. లైన్లోనే ఉండండి, బండి చప్పుడు వినిపిస్తా."

పనిలోకి రాలేదంటే మరెందుకొచ్చావంటాడు. వచ్చానంటే బయట తల పగులుతుంది. వెనక తలుపు దాకా నడిపి అటునుంచి అటే జారుకుందామని మొంజీ పెట్టెలెత్తే ఆ ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కాడు. అది వెనక్కి కదలగానే కుయ్ కుయ్‌మంటూ పేటంతా వినబడేలా కూసింది.

బయట ఖమీస్ చెవులు రిక్కించాడు. "ఎవడ్రా అది? మనోళ్ళంతా ఇక్కడే ఉన్నారుగా!"

"మొంజీ లోపలున్నాడన్నా."

"అయ్యో! బీపీ తలకెక్కిందిరా వాడికి. ఏం చేస్తున్నాడో వాడికే తెలీట్లేదు. పదండి!"

వెనక తలుపు తెరిచిన మొంజీకి తనవైపు పరిగెత్తుకొస్తున్న జనం కనబడ్డారు. ద్రోహి అనిపించుకోవాలా, రోగి అనిపించుకోవాలా? అతను బండి ఆపాడు, బ్రేకు వేశాడు, తాళంచెవి తీశాడు. అప్పుడు పార్సిల్ నలగకుండా చూసుకుంటూ మెల్లగా కిందకి ఒరిగి స్పృహ తప్పాడు.

"పడిపోయాడు! మొంజీ పడిపోయాడు!" అని రిధా ఫోన్లోకే కేక పెట్టాడు.

"జబ్బు మనిషితో, ఉపవాసం ఉన్నవాడితో బండి నడిపిస్తారా!" అని ఖమీస్ గర్జించాడు. అదీ ఫోన్లోకే వెళ్ళింది. అవతల యజమానికి చెమటలు పట్టాయి. పండగ ముందు పేపర్లలో ఈ వార్త వస్తే ఇక తన దగ్గర ఎవరు కొంటారు? "అడిగిందల్లా ఇచ్చెయ్. బెల్టు ఆపుకోమను, కూర్చుని తినమను. ముందు అంబులెన్సు పిలువు!" అన్నాడు.

రిధా ఆ మాట పైకి చెప్పగానే గోదాము దద్దరిల్లింది. మొంజీ కూడా కళ్ళు మూసుకునే సంతోషించాడు. ఆ సంతోషంలో ఉండగా, గాలి ఆడాలని ఖమీస్ అతని కోటు గుండీలు విప్పాడు. చేతికి పార్సిల్ తగిలింది. దాని మీద మొంజీ ఇంటి చిరునామా ఉంది.

మొంజీ కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాడు. ఖమీస్ కోటును మళ్ళీ మూసి అతని చెవి దగ్గరికి వంగాడు.

"ఒరేయ్ దొంగ వెధవా. అదే వరసలో మాదీ ఉంటుంది. మా అమ్మకి దుప్పటి. కనబడలేదా?"

అంబులెన్సులో వచ్చినాయన పరీక్ష చేసి పెదవి విరిచాడు. మొంజీకి నిజంగానే బీపీ ఉంది, బాగా ఎక్కువగా ఉంది. పండగ దాకా మంచం దిగవద్దన్నాడు. ఈ హడావిడిలో ఖమీస్ పార్సిల్‌ను ఎవరి కంటా పడకుండా తిరిగి వరసలో పెట్టేశాడు. సమ్మె ముగిసి, మర్నాడు ఎవరో కుర్రాడు బండి మీద వచ్చి దాన్ని ఇంటి దగ్గర ఇచ్చి వెళ్ళాడు. గౌను షీరజ్‌కి అతికినట్టు సరిపోయింది.

"చూశావా, వచ్చే వస్తువు వచ్చి తీరుతుంది," అంది దలీలా మంచంలో ఉన్న మొగుడి వైపు జాలిగా చూస్తూ. "ఇంత చిన్నదానికి అంత కంగారు పడి బీపీ తెచ్చుకోవాలా?"

పండగ తర్వాత, బీపీ ఉన్నవాళ్ళని ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కించకూడదని ఖమీసే పట్టుబట్టి ఒప్పందంలో రాయించాడు. మొంజీకి గేటు దగ్గర కుర్చీ వేసి, బయటికి వెళ్ళేవాళ్ళు కోటు లోపల ఏమైనా దాచారేమో చూసే పని ఇచ్చారు.