పంచాయతీ గుర్రం వీపునొప్పి

గోడకు చేరగిలబడి ఆవలిస్తున్నావే, నీకే చెబుతున్నాను. కాళ్ళు ముడుచుకుని తిన్నగా కూర్చో. పక్కవాడు నొప్పి అని మూలిగితే ఎక్కడ అని అడుగుతావు, ఎన్నాళ్ళ నుంచి అని అడుగుతావు, పసరు పూయమంటావు, పథ్యం చెబుతావు. వాడి మీద ఎవరు కూర్చున్నారో మాత్రం అడగవు. అడిగితే ఆ కూర్చున్నది నువ్వే అని తేలుతుందేమోనని నీ భయం. సిగ్గు లేదూ? సరే, సిగ్గు తరువాత పడుదువుగాని, ముందు కథ విను.

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ చివర నుంచి ఆ చివరికి పోయేసరికి కుందేలుకైనా కాళ్ళు పీకేంత పెద్ద అడవిలో, జంతువులన్నీ కలిసి ఒక పంచాయతీ పెట్టుకున్నాయి.

అక్కడ కాగితాలు లేవు. కష్టం వచ్చిన జంతువు వాగులోంచి ఒక రాయి ఏరుకొచ్చి, దాని మీద గోటితో తన కష్టం బొమ్మ గీసి అధ్యక్షుడికి ఇవ్వాలి. అదే అర్జీ. అధ్యక్షుడు దాన్ని కళ్ళకద్దుకుని, తాను కూర్చునే బండ మీద పెట్టుకుని, ఆ రాయి మీదే కూర్చోవాలి. ఆ కష్టం తీరేదాకా రాయి తియ్యకూడదు.

ఇది తాతల నాటి ఆచారం. ఆ తాతలు తెలివితక్కువవాళ్ళు కారు. రాయి గుచ్చుకుంటుంది. గుచ్చుకుంటే కుదురుగా కూర్చోలేడు. అందుకే పాత అధ్యక్షులందరూ పొద్దున వచ్చిన అర్జీని మధ్యాహ్నం భోజనం లోపు తేల్చేసేవారు.

ఎలుగుబంటి అధ్యక్షుడయ్యాక రెండు సంస్కరణలు తెచ్చింది. మొదటిది, బండ మీద కూర్చోవడం మానేసి గుర్రం ఎక్కింది. "పాలన మీ గుమ్మంలోకే వస్తుంది" అంది. అన్నీ చప్పట్లు కొట్టాయి. రెండోది, జీను మీద బూరుగుదూది దిండు వేయించుకుంది. దానికి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరికీ చెప్పలేదు కాబట్టి.

అర్జీలు జీను అడుగునున్న తోలుసంచిలోకి పోయేవి. రాళ్ళకీ ఎలుగుబంటికీ మధ్య మూరెడు మందాన దూది. రాళ్ళకీ గుర్రానికీ మధ్య పలచని తోలు. అంతే.

ఆ గుర్రం పేరు మబ్బు. బూడిదరంగుది, నెమ్మదైనది. అడవిలో ఉన్న గుర్రాలన్నిటిలో ఉద్యోగం దొరికింది తనకేనని లోలోపల గర్వం. మొదట్లో వీపు మీద ఏదో గుచ్చుకుంటే, పదవి బరువు అంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. వెనక్కి తిరిగి చూద్దామంటే రూలు ఒప్పుకోదు. పంచాయతీ గుర్రం తల తిప్పి అధ్యక్షుడి వంక చూడకూడదు. మామూలు గుర్రంలా నేల మీద పొర్లకూడదు. అర్జీలు పెండింగులో ఉండగా జీను దింపకూడదు. అర్జీలు పెండింగులో లేని రోజంటూ లేదు కాబట్టి రెండేళ్ళుగా జీను దిగలేదు.

ఒకనాడు నడుస్తూ నడుస్తూ మబ్బు తూలింది. దిండు మీద కునుకు తీస్తున్న ఎలుగుబంటి ఉలిక్కిపడింది.

"ఏమిట్రా అది?"

"అయ్యగారూ, వీపు నొప్పి."

"ఎవరి వీపు?"

"నా వీపేనండీ."

"అలా నోటితో చెబితే ఎలా? పద్ధతి ఉంది కదా. అర్జీ పెట్టుకో."

గుర్రానికి గోళ్ళు లేవు. అందుకని పంచాయతీ గుమాస్తా ముంగిస ఒక రాయి తెచ్చి, గుర్రం బొమ్మ వేసి, వీపు మీద ఒక గీత గీసింది. ఎలుగుబంటి దాన్ని కళ్ళకద్దుకుంది. "నీ బాధ నా బాధ కాదూ?" అంటూ తీసుకెళ్ళి సంచిలో వేసి పైన కూర్చుంది.

మర్నాటి నుంచి మబ్బుకి ఇంకోచోట కూడా నొప్పి మొదలైంది.

"గుమాస్తా గారూ, అర్జీ పెట్టాక ఎక్కువైందండీ" అంది మబ్బు.

"అయితే గుర్తుచేస్తూ మరోటి పెట్టు" అంది ముంగిస.

ముంగిస చెడ్డది కాదు. రూలు చెప్పడం తప్ప మరో పని రానిది. రెండో రాయి కూడా సంచిలోకి పోయింది. ఆ వారమే మబ్బు రెండోసారి తూలింది.

ముంగిస దాని చెవి దగ్గరకొచ్చి మెల్లగా చెప్పింది. "చూడు, అధ్యక్షులవారు పైన ఉండగా మూడుసార్లు తూలితే విశ్రాంతి లోయకు పంపాలని రూలు. రెండయ్యాయి. జాగ్రత్త."

విశ్రాంతి లోయలో రిటైరైన ఉద్యోగుల బాగోగులు రెండు చిరుతపులులు చూసుకుంటాయి. లోయ బాగోలేదని తిరిగొచ్చి చెప్పినవాళ్ళు ఇంతవరకూ ఎవరూ లేరు. ఎలుగుబంటి ప్రతి సభలోనూ ఈ మాట చెబుతుంది. మబ్బుకి ఆ రాత్రి మేత దిగలేదు.

దీన్ని ఇలా వదలకూడదని ఎలుగుబంటి ఒక కమిటీ వేసింది. అందులో వైద్యుడు కొంగ, పెద్దమనిషి తాబేలు. ముంగిస రాసుకునేది.

కొంగ వచ్చి మబ్బు ముందు ఒంటికాలి మీద నిలబడింది. నాలుగు గిట్టలూ ముక్కుతో పొడిచి చూసింది. మోకాళ్ళు తట్టింది.

"మోకాలి దాకా ఏ దోషమూ లేదు" అంది.

"నొప్పి వీపులో కదండీ" అంది మబ్బు.

"నేను నీళ్ళలో నిలబడి చదువుకున్నవాణ్ణి నాయనా. మోకాలి పైది నా శాస్త్రం కాదు."

"మరి పైది ఎవరు చూస్తారండీ?"

"పైన అధ్యక్షులవారున్నారుగా" అని కొంగ వినయంగా తలవంచింది. ఎలుగుబంటి సంతోషించింది.

తరువాత తాబేలు ముందుకొచ్చింది. వచ్చేసరికి పూట పట్టింది. ఊపిరి తీసుకోవడానికి ఇంకొంచెం పట్టింది.

"ఈ కాలం పిల్లలకి ఓర్పు లేదు" అంది. "నేను పుట్టినప్పటి నుంచీ ఇల్లే మోస్తున్నాను. నూట ఇరవై ఏళ్ళు. ఒక్కనాడు అబ్బా అన్నానా?"

"మీ ఇంట్లో ఉన్నది మీరే కదా తాతా" అంది మబ్బు.

తాబేలు ముంగిస వైపు తిరిగింది. "ఎదురు మాట్లాడుతోంది. రాసుకోండి" అంది.

రాసుకున్నారు. గుర్రానికి జబ్బు లేదనీ, ఉన్నా అది మనసుకి సంబంధించినదనీ, మనసు పంచాయతీ పరిధిలోకి రాదనీ కమిటీ తేల్చింది. ఇంత పెద్ద సంగతి గులకరాయి మీద పట్టదు కాబట్టి, వాగులోంచి రోకలిబండంత రాయి తెప్పించి దాని మీద రిపోర్టు చెక్కించారు. పంచాయతీ రిపోర్టు ఎక్కడుండాలి? అర్జీలున్న చోటే ఉండాలి. నాలుగు కోతులు మోసుకొచ్చి సంచిలోకి తోశాయి.

మబ్బుకి కళ్ళు బైర్లు కమ్మాయి.

ఇక ఆ అడవిలో ఒక ఉడుతమ్మ ఉండేది. రెండు వానాకాలాల కిందట దాని చెట్టు మొదట్లో కొండచిలువ ఒకటి కాపురం పెట్టింది. ఉడుతమ్మ అర్జీ పెట్టుకుంది. అప్పటి నుంచి ఎలుగుబంటి ఎక్కడికి పోతే అక్కడికి, గుర్రం పక్కన పరుగెత్తుతూ అడుగుతూనే ఉంది.

"దొరా, నా అర్జీ ఏమైంది?"

"నా కిందే భద్రంగా ఉందమ్మా. దాని మీదే కూర్చున్నాను."

"నిన్నటికి నా పిల్లలు ఇద్దరే మిగిలారు దొరా."

"అయ్యో. ఆ సంగతి వేరే అర్జీ పెట్టుకో."

ఎలుగుబంటి మళ్ళీ కునుకులో పడ్డాక, ఉడుతమ్మ మబ్బు చెవిలో అంది. "తమ్ముడూ, నీ జీను పక్కల నుంచి రసి కారుతోందయ్యా. ఈగలు ముసురుతున్నాయి. కింద పుండు పడి ఉంటుంది. ఓసారి జీను తీయించుకోకూడదూ?"

మబ్బుకి తన వీపు సంగతి మొదటిసారి తెలిసింది అప్పుడే. రెండేళ్ళు ఉద్యోగం చేసిన వీపు, దాని ముఖం తానే ఎరగదు. గుమాస్తాని అడిగింది.

"జీను తీయించుకోవాలంటే అర్జీ పెట్టుకోవాలి" అంది ముంగిస. అప్పటికే దాని చేతిలో రాయి ఉంది.

"వద్దండీ!" అని మబ్బు గట్టిగా అరిచింది. ఆ అరుపుకి ముందుకాలు మడతపడింది. ముక్కు నేలకు తగిలింది.

మూడోసారి.

"పాపం" అంది ఎలుగుబంటి దిండు సర్దుకుంటూ. "ఎంతో సేవ చేసింది. ఘనంగా పంపుదాం. సన్మానం ఏర్పాటు చెయ్యండి."

ఎలుగుబంటి లెక్క ఎలుగుబంటికి ఉంది. ఈ గుర్రం పోతే కొత్త గుర్రం వస్తుంది. సంచి తీసి దాని మీద వేస్తే సరి. అర్జీలు కదలవు, దిండు కదలదు, తాను కదలనక్కర్లేదు. మారేది వీపొక్కటే. అడవిలో వీపులకి కరువా?

శుక్రవారం సభ జరిగింది. అడవి అంతా వచ్చింది. మబ్బుకి మోదుగపూల దండ వేశారు. కొంగ దాని కాళ్ళను పొగిడింది. తాబేలు ఓర్పు గురించి మాట్లాడింది. లోయలోంచి చిరుతలు కూడా వచ్చి ముందు వరసలో పద్ధతిగా కూర్చున్నాయి. వాటిలో ఒకటి మబ్బు తొడల వంక చూస్తూ పెదవులు నాకుకుంది. రెండోది మోచేత్తో పొడిచి, "సభలో ఉన్నాం" అంది.

ఎలుగుబంటి గుర్రం దిగలేదు. దిగి మాట్లాడితే వెనకవాళ్ళకి కనబడనని మబ్బు మీదే కూర్చుని ఉపన్యాసం మొదలుపెట్టింది. మధ్యలో, ఊపిరి తీసుకునేందుకు ఆగి, "గుమాస్తా, ఉత్తర్వు చదివెయ్యి. తరువాత నేను మిగతాది చెబుతాను" అంది.

ముంగిస గొంతు సవరించుకుని చదివింది. "మబ్బు అనబడు గుర్రం ఈ క్షణం నుంచి పంచాయతీ ఉద్యోగంలో లేదని ఇందుమూలంగా తెలియజేయడమైనది."

మబ్బు చెవులు నిక్కబొడుచుకున్నాయి.

"గుమాస్తా గారూ, ఒక్కమాట. ఈ క్షణం నుంచా?"

"అవును, ఈ క్షణం నుంచే."

"అయితే పంచాయతీ గుర్రానికి ఉండే రూళ్ళు నాకు లేవా?"

ముంగిస పంజా నోట్లో పెట్టుకుని ఆలోచించింది. దాని బతుకులో ఎవరూ దాన్ని ఇంత మంచి ప్రశ్న అడగలేదు. "ఉద్యోగం లేనిదానికి రూళ్ళెక్కడివి? ఒక్కటీ వర్తించదు" అంది.

"పొర్లకూడదన్నది కూడానా?"

"అది కూడా."

"ఏయ్, ఆగు, నేనింకా..." అంది ఎలుగుబంటి.

అప్పటికే మబ్బు మోకాళ్ళు వంచింది. రెండేళ్ళ దురద, రెండేళ్ళ మంట, రెండేళ్ళ గౌరవం అన్నీ కలిపి అటు ఒకటి ఇటు ఒకటి పొర్లింది. జీను నడికట్టు పటేలున తెగింది. ఎలుగుబంటి ఎగిరి చిరుతల ఒళ్ళో పడింది. చిరుతలు భయపడి లోయలోకి పారిపోయాయి. దిండు పగిలి దూది లేచింది. పావుగంట సేపు ఎవరి ముఖం ఎవరికీ కనబడలేదు.

దూది అణిగాక చూస్తే నేలంతా రాళ్ళు.

ఒక్కొక్క జంతువూ వంగి తన రాయి తాను గుర్తుపట్టింది. జింకది గడ్డిబీడు తగాదా. కొండముచ్చుది నీళ్ళమడుగు గొడవ. నూట పదమూడు అర్జీలు. ఉడుతమ్మ తన రాయి తీసి, దాని మీద తాను గీసిన నలుగురు పిల్లల బొమ్మ చూసుకుని, గుండెకు హత్తుకుంది.

జీను లేని మబ్బు వీపు వంక అందరూ చూశారు. చూసి తలలు దించుకున్నారు. ఆ పుండుకి తలా ఒక రాయి ఇచ్చింది తామేనని తెలిసింది.

"నేను మొదటి నుంచీ చెబుతూనే ఉన్నాను" అంది తాబేలు.

"నువ్వు నోరు ముయ్యి తాతా" అని జింక మొదటిసారి పెద్దలకి ఎదురు చెప్పింది.

ఎలుగుబంటి దుమ్ము దులుపుకుంటూ లేచింది. "తప్పు దిండుది. కుట్టినవాళ్ళని విచారిద్దాం. కమిటీ వేస్తాను" అంది.

"దొరా, కమిటీ వద్దు" అంది ఉడుతమ్మ. "తమరే అధ్యక్షులుగా ఉండండి. ఆచారం కూడా మార్చొద్దు. తాతలు చెప్పినట్టే అర్జీల మీద కూర్చోండి. దిండు మాత్రం లేదు. గుర్రమూ లేదు. అన్నీ తీరేదాకా లేవకండి."

నాలుగు ఏనుగులు చుట్టూ నిలబడ్డాయి. నూట పదమూడు రాళ్ళూ, అడుగున కమిటీ రిపోర్టూ పేర్చి ఎలుగుబంటిని కూర్చోబెట్టారు.

మొదటి రోజు ముగిసేలోపే కొండచిలువని ఏటి అవతలికి తరిమించింది ఎలుగుబంటి. రెండు వానాకాలాలైనా కాని పని, కూర్చున్న చోటి నుంచే గంటన్నరలో అయిపోయింది. గడ్డిబీడు తగాదా రెండో రోజు తీరింది. రోజుకి నాలుగైదు తీర్చినా, అంత పెద్ద గుట్ట కరగడానికి ఇరవై ఆరు రోజులు పట్టింది. మబ్బు వీపు మాత్రం వానాకాలం పోయేదాకా మానలేదు. మానిన చోట వెంట్రుకలు తెల్లగా వచ్చాయి. దాని మీద తరువాత ఎవరూ ఎక్కలేదు, ఎక్కుతామని అడగనూ లేదు.

ఎలుగుబంటికి మాత్రం కూర్చునే చోట బొచ్చు ఊడింది, తోలు లేచింది, పుండు పడింది. ఆ పుండు మానలేదు. తక్కిన బతుకంతా నిలబడి తిని, బోర్లా పడుకుని గడిపింది. తేనెపట్టు దొరికినా నింపాదిగా కూర్చుని తినే సుఖం పోయింది. ఆఖరికి, కూర్చోలేనిదానికి పదవి ఎందుకని పంచాయతీ దాన్ని తీసేసింది.

కాబట్టి పైన కూర్చున్నవారు తెలుసుకోవలసిన నీతి ఏమంటే: గుర్రాన్ని ఉద్యోగంలోంచి తీసెయ్యదలిస్తే ముందు కిందికి దిగండి, తరువాత ఉత్తర్వు చదివించండి.