అలల స్వారీకి హాజరుపట్టీ

కొండలు దిగి సముద్రం వైపు సాగే ఒక పెద్ద అడవిలో, ఎండాకాలం వచ్చిందంటే జంతువులన్నిటికీ ఒకటే జ్వరం. పిల్లని ఏ విశ్వవిద్యాలయంలో చేర్చాలి? చెలమ దగ్గర ఎదురుపడిన లేళ్ళు కూడా నీళ్ళు తాగడం మానేసి ర్యాంకులు అడిగేవి.

ఆ అడవిలో సుగంధి అని ఒక పునుగుపిల్లి ఉండేది. తెలివైనది, కథలంటే చెవి కోసుకునేది. కానీ ఆ ఏడు దాని మనసంతా ఒక వలస కొంగ పంచిపెట్టిన ప్రచారపత్రం మీదే ఉంది. అందులో ఒక కుందేలు చెక్కబల్ల మీద నిలబడి, చెవులు గాలికి వదిలేసి, తాటిచెట్టంత అల మీద జారుతోంది. ఒడ్డున అరడజను జంతువులు ఒకదాని భుజం మీద ఒకటి వాలిపోయి నవ్వుతున్నాయి. కింద 'సాగరతీర సర్వజంతు విశ్వవిద్యాలయం' అని ఉంది. ఇంకా కింద, చీమ కూడా కళ్ళు చికిలించుకోవలసినంత చిన్న అక్షరాల్లో, 'సాహిత్య శాఖ కూడా కలదు' అని ఉంది.

అలలు, స్నేహాలు, సాహిత్యం. సుగంధికి మూడూ కావాలి. అదే వరసలో.

తండ్రి జవ్వాజి అటవీ సభలో గుమాస్తా. ఆయన లెక్క వేరు.

"బొరియల ఇంజినీరింగులో చేరమ్మా. పక్క పొద పందికొక్కు వాళ్ళబ్బాయి చేరాడు. ఎక్కడికెళ్ళినా తవ్వుకు బతుకుతాడు."

"మనం ఉండేది చెట్టు తొర్రలో కదా నాన్నా! బొరియలు మనకెందుకు?"

"చదువుకీ బతుక్కీ ముడిపెడతావేమిటే? అందరూ తవ్వుతున్నారు. మనమూ తవ్వాలి."

సుగంధి పోయి వాగీశం అనే గుంటనక్కని కలిసింది. అడవిలో పిల్లల చదువులకి సలహాలిచ్చేది అదే. తను ఏ చదువూ పూర్తి చేయలేదు గనక దానికి అన్ని కోర్సుల గురించీ తెలుసు.

"అలల కోసం అంటే మీ నాన్న పంపడు. స్నేహాల కోసం అంటే కాళ్ళు విరగ్గొడతాడు," అంది వాగీశం తోక దువ్వుకుంటూ. "సాహిత్యం కోసం అను. దాని గురించి ఎవరికీ ఏమీ తెలియదు కాబట్టి ఎవరూ అడ్డు చెప్పలేరు. ఇదిగో, 'నా జీవిత లక్ష్యం' వ్యాసం. పేరు మార్చుకుని రాసుకో."

'కళ్ళు తెరవకముందే కవిత్వం విన్నాను' అని మొదలయ్యే ఆ వ్యాసం చదివి జవ్వాజి వెక్కి వెక్కి ఏడ్చాడు. "ఇంత బాధ కడుపులో దాచుకుని ఎలా తిరిగావే తల్లీ!" అని కూతుర్ని తనే వెళ్ళి తీరం దాకా దిగబెట్టి వచ్చాడు.

సాహిత్య శాఖలో ఆ ఏడు ఎనభై మంది చేరారు. ఎనభై మందీ కళ్ళు తెరవకముందే కవిత్వం విన్నవాళ్ళే. ఎనభై మంది చంకల్లోనూ చెక్కబల్లలున్నాయి.

రిజిస్ట్రారు ఒక ఎర్రపీత. ఏది అడిగినా అడ్డంగా నడిచేది.

"సముద్రంలోకి ఎప్పుడు దిగొచ్చండీ?" అని అడిగింది సుగంధి.

"దిగడానికేముందమ్మా, అనుమతి ఉంటే దిగొచ్చు. అనుమతికేముంది, దిగడం వచ్చని రుజువుంటే ఇచ్చేస్తాం."

"దిగనివ్వకపోతే దిగడం ఎలా వస్తుందండీ?"

పీత అప్పటికే ఇంకో కిటికీ దగ్గరికి జరిగిపోయింది.

అయినా వయసులో ఉన్నవాళ్ళని ఎవరాపగలరు? తెల్లవారుతుండగా సరుగుడు తోపు వెనకనుంచి జారుకుని ఎనభై మందీ నీళ్ళలో పడేవారు. విద్యార్థి సంఘం నాయకుడు పింగళం అనే కొండముచ్చు అందరికంటే ముందు దూకేవాడు, అందరికంటే ముందు బోర్లాపడేవాడు. సుగంధి పది సార్లు మునిగి, ముక్కులోంచి నోట్లోంచి ఉప్పునీళ్ళు కక్కి, పదకొండోసారి బల్ల మీద నిలబడింది. ఒడ్డుదాకా వచ్చింది. ఒడ్డున అందరూ దాన్ని ఎత్తుకుని ఊరేగించారు. అంత సంతోషం దానికి అడవిలో ఏనాడూ కలగలేదు.

ఒక్కటే చిక్కు. సాహిత్యం క్లాసు కూడా తెల్లవారుజామునే.

చెప్పేది మందాకిని అనే ముసలి సముద్రపు తాబేలు. ఎండెక్కితే వీపు మండుతుందని పొద్దున్నే ఇసుక మీదికి వచ్చి చెప్పి వెళ్ళిపోయేది. క్లాసులో ఉండేవి కిందటేడు చేరిన రెండు నత్తలు. అవి కూడా కదల్లేక ఉండేవి. సుగంధి తరచు చివరి పావుగంటకి, తోక నుంచి నీళ్ళు కారుతుండగా వచ్చి కూర్చునేది. తాబేలు కథ చెబుతుంటే దానికి చలి తెలిసేది కాదు.

"మొదట్లోనే వస్తే కథలో ఎవరు ఎవరో తెలుస్తుంది కదమ్మా," అనేది తాబేలు. అంతకు మించి ఒక్క మాట అనేది కాదు.

రెండో నెలలో నోటీసు పడింది. హాజరు డెబ్బై అయిదు శాతం లేనివారికి పరీక్ష లేదు. ఎనభై మందీ పింగళం చుట్టూ చేరారు.

"పోరాటం!" అన్నాడు పింగళం. "తాబేలు డౌన్ డౌన్!"

"మేడంగారు ఏం చేశారు?" అంది సుగంధికి కోపం వచ్చి. "ఉండండి, నేనొకటి రాస్తాను."

వాగీశం దగ్గర నేర్చుకున్న విద్య పనికొచ్చింది. 'అల మీద నిలబడనివాడికి అల మీద రాసిన పద్యం అర్థం కాదు. కావున అలల స్వారీని సాహిత్యానికి ప్రయోగ తరగతిగా గుర్తించి, దానికీ హాజరు వేయవలసిందిగా ప్రార్థన' అని అర్జీ రాసింది.

వైస్ ఛాన్సలరు ఒక గూడబాతు. ఏ కాగితం ఇచ్చినా ముక్కు కింద సంచిలో వేసుకుని "పరిశీలనలో ఉంది" అనడం దాని అలవాటు. ఆ సంచిలోకి వెళ్ళిన కాగితం బయటికి వచ్చిందని విన్నవాళ్ళు లేరు. కానీ వచ్చే వారమే ఏనుగుల తనిఖీ సంఘం వస్తోంది. చూపించడానికి కొత్తదేదీ లేదు. గూడబాతు కాగితం రెండుసార్లు చదివి, మొదటిసారిగా మింగకుండా సంతకం పెట్టింది.

ఆ పూట పింగళం సుగంధిని భుజాల మీద కూర్చోబెట్టుకుని తీరమంతా తిప్పాడు. "మన సుగంధక్కకీ!" "జై!" అని ఒకటే కేకలు.

ఏనుగులు వచ్చాయి, మెచ్చుకున్నాయి, వెళుతూ వెళుతూ ఒక సలహా ఇచ్చాయి. ఇంత గొప్ప విషయాన్ని ప్రయోగ తరగతిగా వదిలేయడం ఏమిటి? పూర్తి స్థాయి కోర్సు చేయండి.

చేశారు. మొదటి ఏడాదంతా 'అల: నిర్వచనాలు, విభాగాలు'. రెండో ఏడాది 'బల్ల: చరిత్ర'. స్వారీ మూడో ఏడాదిలో, అదీ రోలు నంబరు వరసన, ఒక్కొక్కరికి రెండేసి అలలు. అందాకా భద్రత కోసం బల్లలన్నీ స్టోరు గదిలో పెట్టి పీత తాళం వేసుకుంది. సరుగుడు తోపు వెనక కాపలాకి మొసలిని పెట్టారు. రికార్డు పుస్తకంలో నలభై అలల బొమ్మలు గీసి, ప్రతి బొమ్మ కిందా సంతకం చేయించుకోవాలి.

పొద్దున్నే తోపు వెనక నవ్వులు ఆగిపోయాయి. పక్కవాడి బొమ్మ ఎవరు చూసి గీశారని గొడవలు మొదలయ్యాయి. పింగళం సుగంధిని చూస్తే మొహం తిప్పుకునేవాడు. "నిన్నెవరు రాయమన్నారు?" అన్నాడొకసారి, నలుగురిలో. అర్జీ కింద మొదటి వేలిముద్ర తనదేనని వాడికి గుర్తు లేదు.

కొత్త కోర్సుకి క్లాసులు చాలలేదు. కోత సాహిత్యానికి పడింది. నత్తల్ని వేరే శాఖకి బదిలీ చేశారు. అవి ఇంకా దారిలోనే ఉన్నాయి. మందాకినికి 'అల: నిర్వచనాలు' చెప్పమని ఉత్తర్వు వచ్చింది.

తాబేలు ఆ ఉత్తర్వు చదివి ఇసుకలో పెట్టేసి, సముద్రం వైపు నడవడం మొదలుపెట్టింది.

సుగంధి పరుగెత్తుకుంటూ వెళ్ళింది. అప్పుడే అర్ధ సంవత్సర పరీక్షల్లో దానికి మొదటి స్థానం వచ్చింది. మెడలో పతకం ఉంది.

"నా వల్లే మేడం! ఆ కాగితం రాసింది నేనే," అంది.

"చదివానమ్మా. బాగా రాశావు. అది మొత్తం అబద్ధం కాదు కూడా. అందుకే నమ్మారు." తాబేలు అలల అంచున ఆగింది. "మొన్న సగంలో ఆగిన కథ ఉంది కదా. నీళ్ళలో కనబడే ఆ రాతి దాకా ఈదుకుంటూ రా, మిగతాది చెబుతాను. అల బాగుంది."

నిజంగానే మంచి అల. నీలంగా లేచి, అంచున నురగ కట్టి, ఆహ్వానిస్తున్నట్టు వంగింది. సుగంధి కాళ్ళు ముందుకు వెళ్ళాయి. నీళ్ళు గోళ్ళకి తగిలాయి. కాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"అనుమతి పత్రం మీద ఇంకా సంతకం కాలేదు మేడం," అంది.

తాబేలు ఏ బల్లా లేకుండా ఆ అలెక్కి వెళ్ళిపోయింది. సుగంధి ఒడ్డున కూర్చుని, రికార్డు పుస్తకం తీసి, ఆ అల బొమ్మ గీసుకుంది. పదికి పది మార్కులు వచ్చాయి.

నీతి: సంతోషాన్ని మాన్పించడానికి నిషేధం చాలదు, సిలబస్‌లో చేర్చాలి.